వాల్ప్రోయేట్ వాడుతుండగా లామోట్రిజిన్ చేర్చారు: ఈ రెండూ కలిస్తే ప్రమాదమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ తమ్ముడికి 19 ఏళ్లు. నాలుగేళ్లుగా ఫిట్స్‌కు వాల్ప్రోయేట్ 500 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాడు. అయినా రెండు మూడు నెలలకోసారి ఫిట్స్ వస్తుండటంతో డాక్టరు గారు లామోట్రిజిన్ 25 మి.గ్రా. మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమని రాశారు. మందుల షాపులో మాత్రం ‘ఇది రోజూ వేసుకోవాల్సిన మాత్ర, చీటీలో పొరపాటు పడి ఉంటుంది’ అన్నారు. మీరు ఇంటర్నెట్‌లో వెతికితే ఈ రెండు మందులూ కలిస్తే ఒళ్లంతా పొక్కులు లేచి ప్రాణాల మీదికి వస్తుందని కనిపించింది. మొదలుపెట్టాలా, వద్దా? అసలు ఫిట్స్ మందుల్లో ఏవేవి కలపకూడదు?

ముందు జవాబు చెబుతాను. చీటీలో పొరపాటు లేదు. రోజు విడిచి రోజే సరైన మోతాదు. షాపులో చెప్పారని రోజూ వేయకండి. భయపడి వాల్ప్రోయేట్ ఆపకండి. ఈ రెండు మందుల జోడీ చెడ్డది కాదు. ఒక్క మందుకు లొంగని ఫిట్స్ ఈ జోడీకి లొంగడం నా ఓపీలో తరచూ చూస్తాను. మీరు చదివిన ప్రమాదం కూడా నిజమే. కానీ అది ఎక్కువగా లామోట్రిజిన్‌ను వేగంగా పెంచినప్పుడు వస్తుంది. మీ డాక్టరు గారు రోజు విడిచి రోజు అని రాసింది ఆ ప్రమాదాన్ని తప్పించడానికే.

ఇక కారణాలు. నేను న్యూరాలజిస్టును. జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు. ఫిట్స్ మందులు ఒకదానితో ఒకటి కలిసి చేసే హాని గురించి రోగుల ఇళ్లలో ఎవరికీ ఎవరూ విడమరచి చెప్పరు. ఓపీలో మనిషికి ఐదు నిమిషాలు దొరకడమే కష్టం కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంటి మీద నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. రోజూ మింగే మాత్ర లోపలికి వచ్చే నీరు. కాలేయం, మూత్రపిండాలు నీటిని బయటికి పంపే గొట్టం. లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సరిపోతే మట్టం నిలకడగా ఉంటుంది. ఫిట్స్ మందుల్లో కొన్ని ఆ బయటి గొట్టాన్ని ఇరుకు చేస్తాయి, కొన్ని వెడల్పు చేస్తాయి. రోగి అదే మాత్ర, అదే పూట, ఒక్కటీ తప్పకుండా వేసుకుంటున్నా పక్కన చేరిన మరో మందు వల్ల రక్తంలో మొదటి మందు మట్టం రెట్టింపు కావచ్చు, సగానికి పడిపోనూవచ్చు.

వాల్ప్రోయేట్ గొట్టాన్ని ఇరుకు చేసే మందు. లామోట్రిజిన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైములను అది అడ్డుకుంటుంది. లామోట్రిజిన్ ఒక్కటే వాడే మనిషిలో ఆ మందు సగం బయటికి పోవడానికి సుమారు 25 నుంచి 30 గంటలు పడుతుంది. వాల్ప్రోయేట్ తోడైతే అది 60 గంటలు దాటుతుంది. వాల్ప్రోయేట్ మోతాదు తక్కువ కదా అనుకోవడానికీ లేదు. రోజుకు 500 మి.గ్రా. దగ్గరే ఈ అడ్డుకోవడం దాదాపు పూర్తి స్థాయికి చేరుతుంది. మీ తమ్ముడు వేసుకునేది 1000.

అందుకే లామోట్రిజిన్ మొదలుపెట్టే మోతాదు, ఆ మనిషి అప్పటికే ఏం వాడుతున్నాడన్నదాన్ని బట్టి మారిపోతుంది. పక్కన ఏమీ లేకపోతే పెద్దవాళ్లకు రోజుకు 25 మి.గ్రా. రెండు వారాలు, ఆ తర్వాత 50 రెండు వారాలు. వాల్ప్రోయేట్ ఉంటే రోజు విడిచి రోజు 25 రెండు వారాలు, ఆపైన రోజూ 25 రెండు వారాలు, అక్కడి నుంచి నెమ్మదిగా పెంచుతూ ఎక్కువ మందిలో 100 నుంచి 200 మధ్య ఆగుతాం. అదే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వంటి గొట్టాన్ని వెడల్పు చేసే మందులు ఉండి, వాల్ప్రోయేట్ లేకపోతే రోజుకు 50తోనే మొదలుపెడతాం. ఒకే మందు, మూడు రకాల మొదళ్లు. షాపులో ఉన్న వ్యక్తికి మొదటిది మాత్రమే తెలిసి ఉండవచ్చు. ఆయన ముందున్నది ఒక్క చీటీ. నాలుగేళ్లుగా నడుస్తున్న వాల్ప్రోయేట్ సంగతి ఆయనకు తెలియదు.

దద్దుర్ల గురించి. లామోట్రిజిన్‌తో మామూలు దద్దుర్లు పది మందిలో ఒకరికి వస్తాయి, చాలావరకు తగ్గిపోతాయి. భయపడాల్సింది ఒళ్లంతా పొక్కులు లేచే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన రూపానికి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైన దద్దుర్లు పెద్దవాళ్లలో వెయ్యికి సుమారు ఒకరి నుంచి ముగ్గురిలో కనిపిస్తాయి, పిల్లల్లో ఇంకా ఎక్కువ. సాధారణంగా మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లోనే వస్తాయి. కాబట్టి ఈ రెండు నెలలూ మీ తమ్ముడు రోజూ స్నానానికి ముందు ఛాతీ, వీపు, చేతులు చూసుకోవాలి. వీపు తనకు కనిపించదు కాబట్టి హాస్టల్ గదిలో ఉండే స్నేహితుడికి ముందే ఒక మాట చెప్పి ఉంచమనండి. దద్దురుతో పాటు జ్వరం, నోటిలో పుండ్లు, కళ్లు ఎర్రబడి మండటం, మెడలో గడ్డలు, ముఖం వాపు, చర్మం ముట్టుకుంటే నొప్పి – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి లామోట్రిజిన్ మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టరును కలవాలి. మామూలుగా కనిపించే దద్దురైనా ఫోను చేసి అడగాల్సిందే. చెమటకాయలా, తిన్నది పడలేదా అని ఇంట్లో కూర్చుని తర్కించుకోవద్దు. ఇంకో మాట, ఈ రెండు నెలల్లో కొత్త సబ్బు, కొత్త యాంటీబయాటిక్ లాంటివి వీలైనంత వరకు మొదలుపెట్టకపోతే మంచిది. దద్దురు వస్తే దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టమవుతుంది.

మోతాదు పెరిగే కొద్దీ ఈ జోడీలో చేతులు వణకడం కూడా కనిపిస్తుంది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, పరీక్షలో రాస్తున్నప్పుడు తెలుస్తుంది. ఇది ప్రాణాపాయం కాదు. చెబితే రెండింటిలో ఒకదాన్ని తగ్గిస్తారు. ఇంజనీరింగ్ కుర్రాడు డ్రాయింగు వేయలేక ఇబ్బంది పడుతూ, అడిగితే బాగుండదని మౌనంగా భరించడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, ఏవి కలపకూడదు అని. ఫిట్స్ మందుల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడని జంటలంటూ పెద్ద జాబితా లేదు. నేను చూసిన హానిలో ఎక్కువ భాగం జంట వల్ల కాదు, మార్పు వల్ల జరిగింది. ఒక మందును చేర్చినప్పుడు, తీసేసినప్పుడు, పెంచినప్పుడు రెండో మందు సంగతి ఎవరూ పట్టించుకోకపోతే హాని జరుగుతుంది. కాబట్టి చీటీలో ఒక్క గీత మారినా ‘దీనివల్ల పాత మందు మట్టం ఏమవుతుంది?’ అని అడగడం రోగి హక్కు. కొన్ని జంటల గురించి మాత్రం విడిగా చెప్పాలి.

వాల్ప్రోయేట్, ఫెనిటోయిన్. ఫెనిటోయిన్ అంటే మన ఊళ్లలో ఎప్టోయిన్ పేరుతో ఎక్కువ మంది ఎరిగిన మాత్ర. 1938 నుంచి వాడుకలో ఉన్న మందు, చవక, పల్లెటూరి షాపులోనూ దొరుకుతుంది. ఈ మందుకో విచిత్ర స్వభావం ఉంది. ఒక హద్దు వరకు కాలేయం దాన్ని బాగానే విరగ్గొడుతుంది. ఆ హద్దు దాటాక ఎంజైములు నిండిపోతాయి. 300 నుంచి 400కు పెంచితే రక్తంలో మట్టం మూడో వంతు పెరగదు, రెట్టింపు దాటిపోవచ్చు. దీనికి వాల్ప్రోయేట్ తోడైతే రెండు పనులు జరుగుతాయి. రక్తంలో ఫెనిటోయిన్ తొంభై శాతం అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని ఉంటుంది. వాల్ప్రోయేట్ దాన్ని అక్కడి నుంచి తోసేస్తుంది, ఎంజైమును కూడా అడ్డుకుంటుంది. మెదడు మీద పనిచేసేది అతుక్కోని భాగమే. అది పెరుగుతుంది. కానీ మనం మామూలుగా చేయించే రక్తపరీక్ష మొత్తాన్ని కొలుస్తుంది, అతుక్కోని భాగాన్ని విడిగా చూపదు.

ఒకాయన గుర్తున్నారు. అరవై దాటిన రైతు. ఏళ్లుగా ఫెనిటోయిన్ మీద ఉన్నారు. వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో వాల్ప్రోయేట్ చేర్చారు. నెల తిరిగేసరికి నడక తూలడం మొదలైంది. ఊళ్లో వాళ్లు తాగాడన్నారు, ఇంట్లో వాళ్లు పక్షవాతమన్నారు. స్కానింగ్ చేయించారు, అందులో కొత్తగా ఏమీ లేదు. ఫెనిటోయిన్ మట్టం 14 వచ్చింది. 10 నుంచి 20 మధ్య ఉంటే సరైనదని నివేదిక మీదే అచ్చు వేసి ఉంటుంది కాబట్టి మందును అనుమానించలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు నా వేలు చూడమని పక్కకు జరిపాను. కనుగుడ్లు అటు చివరకు వెళ్లి కుదుపుతో వెనక్కి కొట్టుకుంటున్నాయి. వరండాలో మడమకు బొటనవేలు ఆనించి నడవమంటే రెండో అడుగుకే గోడ పట్టుకున్నారు. అల్బుమిన్ చూస్తే తక్కువగా ఉంది. అల్బుమిన్ తక్కువై, పైన వాల్ప్రోయేట్ కూడా ఉంటే 14 అన్న అంకెను నమ్మడానికి లేదు. ఫెనిటోయిన్ తగ్గించాం. రెండు వారాలకు ఆయన ఎవరి చేయీ పట్టుకోకుండా గదిలోకి వచ్చారు. అంకె సరిగా ఉన్నా మనిషి సరిగా లేకపోతే మనిషినే నమ్మాలి. నా జూనియర్లకు ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఇదే జంటలో ఫెనిటోయిన్ ఎంజైములను పెంచి వాల్ప్రోయేట్ మట్టాన్ని తగ్గిస్తుంది. ఒకటి ఎక్కువై తూలడం, రెండోది తక్కువై ఫిట్స్ రావడం, ఒకే మనిషిలో రెండూ కనిపించవచ్చు.

వాల్ప్రోయేట్, ఫినోబార్బిటాల్. గార్డినాల్ మాత్ర. 1912 నుంచి ఉన్న పాత మందు, ఇప్పటికీ ఎంతో మందికి ఆధారం. శరీరంలోంచి సగం పోవడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. వాల్ప్రోయేట్ చేరితే ఇంకా నెమ్మదిగా పోతుంది. మట్టం రోజురోజుకూ కొంచెం కొంచెంగా పేరుకుంటుంది కాబట్టి మొదటి వారం ఏమీ తెలియదు. తర్వాత మనిషి మత్తుగా ఉంటాడు, అన్నం ముందు కూర్చుని కునుకుతాడు, మాట ముద్దగా వస్తుంది. పట్టించుకోకపోతే లేపినా లేవని స్థితికి వెళ్లవచ్చు. వాల్ప్రోయేట్ మొదలుపెట్టేటప్పుడే ఫినోబార్బిటాల్ మోతాదును మూడో వంతు నుంచి సగం వరకు తగ్గించాల్సి రావచ్చు. పెద్దవాళ్లకైతే ‘వయసు మీద పడింది, నిద్రపోతున్నాడులే’ అని ఇంట్లో వదిలేయడం చూస్తాను. మందు మారిన నెలలో వచ్చిన మత్తును వయసు ఖాతాలో రాయకండి.

వాల్ప్రోయేట్, టోపిరామేట్. ఇది తక్కువ మందిలోనే వస్తుంది, కానీ ఎక్కువసార్లు గుర్తించకుండా పోతుంది. రెండూ కలిసినప్పుడు కొందరి రక్తంలో అమ్మోనియా పెరుగుతుంది. మనిషి మందకొడిగా అవుతాడు, అడిగిన దానికి ఆలస్యంగా జవాబిస్తాడు, వాంతులు కావచ్చు. కాలేయ పరీక్షలు మామూలుగానే ఉండటంతో అందరూ దారి తప్పుతారు. నా దగ్గర ఒక ఉపాధ్యాయుడికి ఇలాగే జరిగింది. టోపిరామేట్ చేర్చిన కొన్ని వారాలకు బడిలో పాఠం మధ్యలో ఆగిపోయి, చెప్పిన వాక్యమే మళ్లీ చెప్పేవారు. చేతులు చాచమంటే మణికట్లు రెక్కల్లా కొట్టుకున్నాయి. అమ్మోనియా పరీక్షకు రక్తం తీసిన వెంటనే మంచులో పెట్టి ల్యాబుకు పంపాలి. గంట బల్ల మీద ఉంచి పంపితే లేని అమ్మోనియా కూడా కనిపిస్తుంది. అలా జాగ్రత్తగా పంపిన నమూనాలోనే బాగా ఎక్కువ వచ్చింది. టోపిరామేట్ ఆపాం, కొద్ది రోజుల్లో తేరుకున్నారు.

కార్బమజెపిన్‌తో ఉన్న చిక్కులు. టెగ్రిటాల్, మాజెటాల్ ఇవే. ఈ మందు తన గొట్టాన్ని తానే వెడల్పు చేసుకుంటుంది. మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు వారాల్లో తన మట్టాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి మొదట్లో ఆగిన ఫిట్స్ రెండో నెలలో మళ్లీ వస్తే మందు పనికిరాదని తేల్చేయకూడదు. తనతో పాటు వాల్ప్రోయేట్, లామోట్రిజిన్, క్లోబజామ్, పెరాంపనెల్ వంటివాటి మట్టాలనూ మారుస్తుంది. వాల్ప్రోయేట్ దీనికి తోడైతే, కార్బమజెపిన్ విరిగినప్పుడు పుట్టే ఎపాక్సైడ్ అనే పదార్థం పేరుకుంటుంది. అప్పుడు కార్బమజెపిన్ పరీక్ష సరిగానే వస్తుంది, మనిషికి మాత్రం ఒకటి రెండుగా కనిపిస్తుంది, కళ్లు తిరుగుతాయి.

లామోట్రిజిన్ లేదా లాకోసమైడ్ అనే మరో ఫిట్స్ మందు కార్బమజెపిన్‌కు తోడైతే ఏ మట్టమూ మారకుండానే అదే బాధ రావచ్చు. ఎందుకంటే ఇవన్నీ మెదడులో నరకణాల్లోకి సోడియం వెళ్లే ద్వారాల మీదే పనిచేస్తాయి. ఒకే చోట మూడు చేతులు పడ్డట్టవుతుంది. ఇలాంటప్పుడు ఒక చిన్న ఆనవాలు ఉపయోగపడుతుంది. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకు కళ్లు తిరిగి, సాయంత్రానికి తగ్గిపోతుంటే ఆ సమయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మోతాదును మూడు పూటలకు విడగొట్టడం, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చడం, లేదా పాత మందును కాస్త తగ్గించడం ద్వారా చాలాసార్లు సరిపోతుంది.

లెవెటిరాసెటామ్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. లెవిపిల్ వంటి పేర్లతో వస్తుంది. కాలేయ ఎంజైముల జోలికి పెద్దగా పోదు, మిగతా మందుల మట్టాలను దాదాపు కదిలించదు. రెండో మందుగా దీన్ని ఎక్కువగా ఎంచుకోవడానికి అదొక కారణం. కోపం, చిరాకు, దిగులు తెచ్చే గుణం మాత్రం దానికి ఉంది. అందుకని అందరికీ అదే రాయలేం.

మందు తీసేసేటప్పుడు జరిగే హాని. దీని మీద నేను ఎక్కువ సేపు నిలబడతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఆడపిల్లలకు జరిగేది ఇదే. వాల్ప్రోయేట్ గర్భిణులకు మంచిది కాదు. కడుపులో ఉన్న బిడ్డకు అవయవ లోపాలు వచ్చే అవకాశం సుమారు పది శాతం. పిల్లల్లో మూడో వంతు మందికి పైగా ఎదుగుదల, తెలివితేటల సమస్యలు రావచ్చు. కాబట్టి పెళ్లి కుదరగానే దాన్ని మార్చాలనుకోవడం సరైన ఆలోచనే. అయితే ఒక అమ్మాయి వాల్ప్రోయేట్, లామోట్రిజిన్ 100 మి.గ్రా. మీద రెండేళ్లుగా ఒక్క ఫిట్ కూడా లేకుండా ఉంది. ముహూర్తం పెట్టుకున్నాక వేరే చోట చూపించి వాల్ప్రోయేట్‌ను ఆపించారు. లామోట్రిజిన్‌ను ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ ఆ 100 మి.గ్రా. మాత్ర 200 చేసే పని చేస్తోందని, అది వాల్ప్రోయేట్ చలవేనని ఎవరూ గమనించలేదు. వాల్ప్రోయేట్ పోగానే లామోట్రిజిన్ మట్టం సగానికి దిగింది. ఒకేసారి రెండు మందులూ తగ్గినట్టయింది. పెళ్లయిన కొద్ది రోజులకే అత్తవారింట్లో ఫిట్స్ వచ్చాయి. ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఎదుర్కొన్న మాటలు ఇక్కడ రాయను. లామోట్రిజిన్‌ను మెట్లు మెట్లుగా పెంచాక ఫిట్స్ ఆగిపోయాయి. ముందే పెంచి ఉంటే ఆ రోజు వచ్చేది కాదు.

ఇదే లెక్క తలకిందులుగానూ నడుస్తుంది. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ ఆపితే వెడల్పయిన గొట్టం రెండు మూడు వారాల్లో మామూలుకు వస్తుంది. మిగిలిన మందు మట్టం పెరుగుతుంది. ఆపిన మందు బాధ తగ్గాల్సింది పోయి కొత్తగా మత్తు, తూలడం మొదలైతే కారణం ఇదే కావచ్చు.

ఆడవాళ్లకు మరో రెండు సంగతులు. కార్బమజెపిన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్ వాడేవారిలో గర్భనిరోధక మాత్రలు పనిచేయకపోవచ్చు, అత్యవసర మాత్రలదీ అదే పరిస్థితి. ఎక్కువ మోతాదు టోపిరామేట్ కూడా అంతే. లామోట్రిజిన్ వాడేవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదలుపెడితే లామోట్రిజిన్ మట్టం సగం దాకా పడిపోతుంది. గర్భం వచ్చినప్పుడు కూడా పడిపోతుంది. స్త్రీ వైద్య నిపుణురాలికి ఫిట్స్ మందుల పేర్లు తప్పక చెప్పాలి. దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఫిట్స్ మందులు కాని మందుల గురించి కూడా కొంత చెప్పాలి. మన దగ్గర క్షయ మందులు అందరికంటే ముందు గుర్తుకు రావాలి. రిఫాంపిసిన్ గొట్టాన్ని బాగా వెడల్పు చేసి లామోట్రిజిన్, వాల్ప్రోయేట్, కార్బమజెపిన్ మట్టాలను దించేస్తుంది. ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్, కార్బమజెపిన్‌లను పెంచుతుంది. ఆరు నెలల కోర్సు మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ ఫిట్స్ డాక్టరును కలవాలి. ముగిసినప్పుడు కలవడం చాలామంది మరచిపోతారు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌లు కార్బమజెపిన్‌ను విషపు స్థాయికి పెంచగలవు. అజిత్రోమైసిన్‌తో ఆ ఇబ్బంది పెద్దగా లేదు. శిలీంధ్ర వ్యాధులకు ఇచ్చే ఫ్లూకోనజోల్ ఫెనిటోయిన్‌ను పెంచుతుంది. ఆసుపత్రిలో చేరినవారికి ఎక్కించే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఒకటి రెండు రోజుల్లోనే వాల్ప్రోయేట్ మట్టాన్ని పడగొడుతుంది, వాల్ప్రోయేట్ ఎంత పెంచినా లాభం ఉండదు. మీ తమ్ముడు ఎప్పుడైనా జ్వరంతో ఆసుపత్రిలో చేరితే వాల్ప్రోయేట్ వాడుతున్నాడని అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి. ఒళ్లునొప్పులకు ట్రమడాల్ ఉన్న మాత్ర షాపులో అడిగి తెచ్చుకోవద్దు. అది మట్టాలతో సంబంధం లేకుండానే ఫిట్స్ తెప్పించగలదు.

మెదడులో పురుగు తిత్తులు ఉండి ఫిట్స్ వచ్చేవారు మన దేశంలో ఎక్కువ. వాళ్లకు ఇచ్చే అల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ మట్టాలను ఫెనిటోయిన్, కార్బమజెపిన్ తగ్గిస్తాయి. తిత్తి తగ్గలేదంటే మందు మొండికేసిందనుకునే ముందు పక్కన ఏ మాత్ర ఉందో చూడాలి.

నాటు వైద్యం గురించి కూడా దాచకుండా చెబుతాను. ఫిట్స్‌కని పొట్లాల్లో ఇచ్చే కొన్ని పొడులను పరీక్షిస్తే వాటిలో ఫినోబార్బిటాల్, ఫెనిటోయిన్ వంటి అల్లోపతి మందులే దొరికిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. రోగి ఇటు చీటీ మందులు, అటు పొడి రెండూ వేసుకుంటే తనకు తెలియకుండానే మూడు మందులు కలిపినట్టే. పొడి వాడి ఉంటే నాకు చెప్పండని ప్రతి ఒక్కరినీ అడుగుతాను, తిట్టను. తిడితే మరోసారి చెప్పరు.

ఇంతకంటే మామూలుగా జరిగేది ఇంకొకటి ఉంది. ఒకే మందును రెండు పేర్లతో వేసుకోవడం. ఎన్‌కోరేట్, వాల్పారిన్ రెండూ వాల్ప్రోయేటే. ఊరి డాక్టరు రాసిన పాత డబ్బా ఒకటి, పట్నం డాక్టరు రాసిన కొత్త డబ్బా ఒకటి, రెండూ పక్కపక్కనే పెట్టుకుని రెండూ మింగుతారు. రెండు కంపెనీల పేర్లు చూసి రెండు మందులనుకుంటారు. మాత్రల స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు అసలు పేరు చదవండి. రాదంటే షాపులో చదివించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలతో పాటు ఇంట్లో వాడుతున్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. దగ్గు మందు, గ్యాస్ మాత్ర, పొట్లం సహా. ఆ సంచిని నా బల్ల మీద గుమ్మరించినప్పుడు తెలిసే విషయాలు చీటీలో ఉండవు.

ఇన్ని చిక్కులున్నప్పుడు ఒక్క మందుతో సరిపెట్టవచ్చు కదా అంటారు. వీలైతే అదే చేస్తాం. 2000లో గ్లాస్గో నుంచి వెలువడిన, 525 మంది రోగుల మీద జరిగిన అధ్యయనంలో, అంతకుముందు ఫిట్స్ మందులేవీ వాడని 470 మందిని చూస్తే మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి, రెండో మందుతో మరో 13 శాతం మందికి. అంటే సగం మందికి ఒక్క మందే చాలు. మీ తమ్ముడు మిగతా సగంలో ఉన్నాడు. అతనికి ఫిట్స్ ఆగకపోవడం కూడా ప్రమాదమే. రోడ్డు దాటుతుండగా, హాస్టల్ మెట్ల మీద, స్నానాలగదిలో, నిద్రలో వచ్చే ఫిట్ ఏ దద్దురుకూ తీసిపోదు. కలయికకు భయపడి మందు మానేసినవారిలో ఆగకుండా ఫిట్స్ వచ్చి ఐసీయూలో చేరినవారిని చూశాను. ఫిట్ ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా రెండోది వచ్చినా 108కు ఫోను చేయాలి.

మీ తమ్ముడి విషయంలో ఇప్పుడు చేయాల్సినవి. ఫోనులో క్యాలెండరు తెరిచి లామోట్రిజిన్ రోజులను ముందే గుర్తు పెట్టుకోమనండి, లేకపోతే ‘నిన్న వేసుకున్నానా, మొన్ననా’ అన్న సందేహంతో వరసగా రెండు రోజులు వేసుకుంటాడు. వాల్ప్రోయేట్ పూటలు మారకూడదు. ఫిట్స్ వచ్చిన తేదీలు, కళ్లు తిరగడం, వణుకు, దద్దురు ఏవైనా అదే క్యాలెండరులో రాయాలి. రక్తంలో మట్టం చూడమని డాక్టరు గారు రాస్తే పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే అంకెకు అర్థం ఉండదు. తర్వాత కలిసినప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: మున్ముందు వాల్ప్రోయేట్ తగ్గిస్తే లామోట్రిజిన్ ఎంతకు పెంచాలి? జవాబును చీటీ మీదే రాయించుకోండి. అప్పటికి డాక్టరు మారిపోయి ఉండవచ్చు.

చివరిగా, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మాత్రలు హాస్టల్లో మరచిపోయి లామోట్రిజిన్ ఐదు రోజులకు మించి ఆగిపోతే, ఆగిన చోటి నుంచి పాత మోతాదును మళ్లీ మొదలుపెట్టకూడదు. 100 మీద ఉన్నవాడు నేరుగా 100 వేసుకుంటే దద్దుర్ల ప్రమాదం మొదటికొస్తుంది. డాక్టరుకు ఫోను చేసి, వాల్ప్రోయేట్ ఉంది కాబట్టి మళ్లీ 25తో, రోజు విడిచి రోజు నుంచి మొదలుపెట్టాలా అని అడగాలి. చాలాసార్లు జవాబు అవుననే ఉంటుంది.